లోబ్ క్లాసికల్ లైబ్రరీ: తాత్పర్యం దొరుకుతుంది, ప్రతిపదార్థం మీరే రాసుకోవాలి

గ్రీకు, లాటిన్ చదవడానికి బ్రిటన్‌లోనో అమెరికాలోనో యూనివర్సిటీలో చేరినవాళ్ళకు మొదటి వారంలోనే పరిచయమయ్యే పుస్తకాలివి. ఆకుపచ్చ అట్ట అయితే గ్రీకు, ఎర్ర అట్ట అయితే లాటిన్. ఎడమ పేజీలో మూలం, కుడి పేజీలో ఇంగ్లీష్ అనువాదం. వెడల్పు సుమారు 11 సెంటీమీటర్లు, ఎత్తు 16; కోటు జేబులో పడతాయి. ఇప్పటికి 500 పైచిలుకు సంపుటాలు వచ్చాయి. ఒక్కొక్కటి అమెరికాలో సుమారు 30 డాలర్లు, అంటే మన లెక్కలో రెండున్నర వేల పైమాటే. రోమన్ రచయిత ప్లినీ ఒక్కడే పది సంపుటాలు, గ్రీకులో రాసిన స్ట్రాబో ఎనిమిది, ప్లూటార్క్ జీవితచరిత్రలు పదకొండు. సెట్టు కొనాలనుకునేవాళ్ళు ముందు ఈ గుణకారం చేసుకోవడం మంచిది.

మన పాత కావ్య ముద్రణలు చూసినవాళ్ళకు దీని సంగతి తేలిగ్గా అర్థమవుతుంది. టీకాతాత్పర్యాలతో వేసిన ప్రబంధంలోంచి టీకా తీసేసి మూలమూ తాత్పర్యమూ మాత్రం ఎదురెదురుగా ఉంచితే వచ్చేదే లోబ్. ప్రతిపదార్థం ఉండదు, దండాన్వయం ఉండదు, వ్యాకరణ విశేషాలు దాదాపు ఉండవు. అది లోపమని కాదు, ఆ వరుస పద్ధతే అంత. అయితే క్లాసిక్స్ డిగ్రీలో భాషా పరీక్ష అడిగేది సరిగ్గా ఆ లేని భాగాన్నే. ముందెప్పుడూ చూడని పేరా ఒకటి ఇచ్చి, నిఘంటువు లేకుండా అనువదించమంటారు. ఏడాదంతా కుడి పేజీ మీద ఆధారపడ్డవాళ్ళు ఇక్కడే దెబ్బతింటారు.

ఈ వరుసకు డబ్బు పెట్టినవాడు జేమ్స్ లోబ్ (1867–1933). న్యూయార్క్ బ్యాంకర్ల ఇంట పుట్టి, హార్వర్డ్‌లో క్లాసిక్స్ చదివి, 1901లో బ్యాంకు వదిలేసి జర్మనీలో స్థిరపడ్డాడు. 1911లో పని మొదలైంది, 1912లో తొలి సంపుటాలు వచ్చాయి. పోతూ పోతూ వరుసనూ, దానికోసం 3 లక్షల డాలర్లనూ హార్వర్డ్‌కు రాసిపోయాడు. లండన్‌లోని హైన్‌మన్ ప్రచురణ సంస్థ భాగస్వామ్యం 1989 దాకా సాగింది, ఆ తర్వాత పూర్తిగా హార్వర్డ్ యూనివర్సిటీ ప్రెస్సే. చరిత్ర ఇంత చాలు. పుస్తకం తెరిచి చూద్దాం.

తెలుగువాళ్ళకు పరీక్షించి చూడటానికి అన్నిటికంటే అనువైనది ప్లినీ ప్రకృతి చరిత్ర రెండో సంపుటం, ఎల్‌సీఎల్ 352 (ఎల్‌సీఎల్ అంటే లోబ్ క్లాసికల్ లైబ్రరీ, పక్కనున్నది వరుసలో దాని నంబరు). మూడు నుంచి ఏడు దాకా అధ్యాయాలు ఇందులో ఉన్నాయి. అనువాదం హారిస్ రాకమ్, 1942. గ్రూప్స్ పరీక్షలకు చదివినవాళ్ళందరికీ నోటికొచ్చే ముక్క ఒకటుంది: ఆంధ్రులకు 30 కోటలు, లక్ష కాల్బలం, 2,000 గుర్రాలు, 1,000 ఏనుగులు ఉన్నాయని మెగస్తనీసు రాశాడని. ఆ వాక్యం అసలు ఉన్నది ఇక్కడ, ఆరో అధ్యాయం 67వ సెక్షన్‌లో, లాటిన్‌లో. మెగస్తనీసు రాసిన ఇండికా మనకు దక్కలేదు. కొన్ని సెక్షన్ల ముందు, 58లో, భారత రాజుల దగ్గర ఉండి వచ్చి వివరాలు రాసినవాళ్ళంటూ ప్లినీ మెగస్తనీసు పేరు చెప్పాడు కాబట్టి ఇదీ ఆయనదే అయి ఉంటుందని పండితుల ఊహ. 67లో మాత్రం ఆ పేరు లేదు.

వాక్యం తెలుగు లిపిలో ఇలా ఉంటుంది: వలిదియోర్ దెయిందె గేన్స్ అందరాయ్, ప్లూరిమీస్ వీకీస్, 30 ఒప్పిదీస్ క్వాయ్ మూరీస్ తుర్రిబుస్‌క్వె మూనియుంతుర్, రేగీ ప్రాయ్‌బెత్ పెదితుమ్ లక్ష, ఎక్వితుమ్ 2,000, ఎలెఫాంతోస్ 1,000.

కుడి పేజీ చదివితే పాఠ్యపుస్తకం ముక్కే కొంచెం విడమరిచి కనిపిస్తుంది, అంతే. ఎడమ పేజీకి ప్రతిపదార్థం రాస్తే వేరే సంగతులు బయటపడతాయి. ప్రధాన క్రియ ప్రాయ్‌బెత్, 'సమకూరుస్తుంది'. దానికి కర్త రాజు కాదు, గేన్స్, అంటే జాతి. రేగీ చతుర్థీ విభక్తి, 'రాజుకు'. కాబట్టి అన్వయం: అందరాయ్ అనే జాతి తన రాజుకు ఇంత సేన సమకూరుస్తుంది. ఒప్పిదుమ్ అంటే పట్టణం. మూరీస్ తుర్రిబుస్‌క్వె, గోడలతోనూ బురుజులతోనూ, బలపరచిన 30 పట్టణాలన్నమాట. మన పుస్తకాల్లో అవి కోటలైపోయాయి. వాటికి ముందున్న ప్లూరిమీస్ వీకీస్, 'ఎన్నెన్నో పల్లెలతో', మన పుస్తకాల్లోకి రానే లేదు. ఇక వలిదియోర్ అంటే 'మరింత బలమైన'. దేనికంటే? అంతకు ముందు వాక్యంలో 50 వేల కాల్బలమున్న రాజు కిందివని ప్లినీ చెప్పిన జాతుల కంటే. మగధ తర్వాత రెండో స్థానం ఆంధ్రులదే అని ఈ ఒక్క మాటలోంచి లాగడం కష్టం.

ఇంకొక చిన్న విషయం. పెదితుమ్, ఎక్వితుమ్ రెండూ షష్ఠీ బహువచనం: 'కాల్బంట్ల' లక్ష, 'రౌతుల' రెండు వేలు. ఎలెఫాంతోస్ మాత్రం ద్వితీయ. కుడి పేజీలో మూడూ ఒకే వరుసలో సాఫీగా సాగిపోతాయి, ఈ తేడా కనబడదు. పరీక్షలో ఎగ్జామినర్ వేలు పెట్టేది ఇలాంటి చోటే.

ఇదే సంపుటంలో 101వ సెక్షన్ మరో మంచి పరీక్ష. ఏటా భారతదేశం రోమ్ సొమ్మును ఎంత లాక్కుంటోందో, బదులుగా పంపిన సరుకు రోమ్‌లో నూరింతల ధరకు ఎలా అమ్ముడవుతోందో చెప్పి ప్లినీ వాపోయే చోటు. ఆ మొత్తం ఎంతన్నది ఇంటర్నెట్‌లో మూడు రకాలుగా దొరుకుతుంది: 5 కోట్ల సెస్టెర్సులు (రోమన్ నాణేలు), 5.5 కోట్లు, 55 కోట్లు. లోబ్ చెప్పేది 5 కోట్లు. తేడాకు కారణం రోమన్ అంకెల మీద గీతలు. అక్షరం నెత్తిన ఒక్క గీత గీస్తే వెయ్యింతలు; పైనా రెండు పక్కలా, మూడు వైపులా గీస్తే లక్షింతలు. 'డి' అక్షరం 500. మూడు గీతల డబ్బాలో పెడితే 500 లక్షలు, అంటే 5 కోట్లు. రాతప్రతుల పాఠాంతరాల్లో పక్కన 'ఎల్' కూడా ఉంది. దాన్ని ఒప్పుకుంటే 550 లక్షలు, 5.5 కోట్లు. 55 కోట్లు 1850ల నాటి బాస్టాక్, రైలీల అనువాదంలోది, ఒక సున్నా ఎక్కువ. పెర్సియస్ వెబ్‌సైట్‌లో ప్లినీకి ఉచితంగా దొరికే ఇంగ్లీష్ అదే కావడంతో ఆ సున్నా ఇప్పటికీ వ్యాసాల్లోకి పాకుతూనే ఉంది.

ఇక్కడ మనకొక వెసులుబాటు ఉంది. లాటిన్‌వాళ్ళు పెద్ద మొత్తాలను లెక్కపెట్టేది లక్షల్లో. పన్నెండో అధ్యాయం 84లో ఇండియా, చైనా, అరేబియా మూడూ కలిసి లాక్కునే సొమ్మును ప్లినీ 'మీలియేన్స్ కెంతేనా మీలియా' అంటాడు, అంటే 'వెయ్యిసార్లు నూరువేలు'. కెంతేనా మీలియా మన లక్షే. వెయ్యి లక్షలు, 10 కోట్లు. ఇంగ్లీష్ విద్యార్థి దాన్ని మిలియన్లలోకి మార్చుకుంటూ సున్నాలు పోగొట్టుకుంటాడు, మనం అక్కడికక్కడే చదివేసుకోవచ్చు. ఈ వాక్యం నాలుగో సంపుటం, ఎల్‌సీఎల్ 370లో ఉంది.

ఇక వాడే పద్ధతి. కుడి పేజీని మూసేంత అట్టముక్క ఒకటి కత్తిరించుకోండి. పోస్ట్‌కార్డు సరిగ్గా సరిపోతుంది. ఎడమ పేజీలో ఒక్క వాక్యం తీసుకోండి. ముందు సమాపక క్రియను పట్టుకోండి: పురుష, వచనం, కాలం. లాటిన్‌లో అది తరచు మనలాగే చివర ఉంటుంది, కాబట్టి తెలుగువాళ్ళ కన్ను అటే పోతుంది, మంచిదే. తర్వాత కర్త. తర్వాత మిగిలిన నామవాచకాలకు విభక్తులు వేయండి. విశేషణం తన నామవాచకానికి ఎంత దూరంలో ఉన్నా లింగ వచన విభక్తుల్ని బట్టి ముడేసుకోవాలి. పద్యంలో ఇది మరీ దూరం పోతుంది. అప్పుడు కాగితం మీద అన్వయం రాయండి, తెలుగులోనే. అదయ్యాక అట్ట తీసి కుడి పేజీ చూడండి. తేడా వచ్చిన మాటను మాత్రమే నిఘంటువులో వెతకండి. మొదటి ఏడాదిలో ఇలా గంటకు పది పన్నెండు వరుసలు సాగితే బాగా చదువుతున్నట్టే. మర్నాడు అదే పేరాను అట్ట తీయకుండా మళ్ళీ చదవాలి. చాలామంది ఎగ్గొట్టేది ఈ చివరి మెట్టే, ఫలితం తేలేదీ ఇక్కడే.

తెలుగులోనే రాయమనడానికి కారణం అభిమానం కాదు. గ్రీకులో మెన్, దె అనే చిన్న అవ్యయాలు జంటగా వస్తాయి. ఇంగ్లీష్‌లో వాటికి సరైన మాట లేక లోబ్ అనువాదకులు చాలాచోట్ల వదిలేస్తారు, లేదా 'ఒక పక్క, మరో పక్క' అని సాగదీస్తారు. తెలుగులో 'ఇతనేమో వెళ్ళాడు, అతను మాత్రం ఉండిపోయాడు' అంటే అయిపోయింది. మెన్ మన 'ఏమో', దె మన 'మాత్రం'. లాటిన్ -క్వె మన '-నూ'. అసమాపక క్రియలు ఇంగ్లీష్‌లో ముక్కలై వేర్వేరు వాక్యాలవుతాయి. 'చేసి, వచ్చి, చూసి' అని మనం మూలంలో ఉన్నట్టే గుదిగుచ్చవచ్చు. కుడి పేజీ చూసి కాపీ కొడితే ఈ సదుపాయమంతా వృథా.

పద్యం దగ్గర లోబ్ మరీ మూగది. వర్జిల్ ఈనియడ్ ఎనిమిదో సర్గ 596వ పాదం గుర్రాల పరుగు మీద ప్రసిద్ధమైనది: క్వద్రిపె దంతెపు త్రెంసొని తూక్వతి తుంగుల కంపుమ్. మన గురులఘువులు వేయండి. ఐదు భగణాలు, చివర రెండు గురువులు. వాళ్ళు డాక్టిల్ అనేది మన భగణమే. మన దోధకానికి ఇంకో రెండు భగణాలు తగిలిస్తే ఈ పాదం నడక వస్తుంది. సంయుక్తాక్షరం ముందున్నది గురువు అవడం కూడా మన నియమమే, ఒక సడలింపుతో: హల్లు పక్కన ర, ల వస్తే గురువు చేయడం కవి ఇష్టం. ఈ పాదంలోనే 'ద్రి' ముందున్న 'క్వ' గురువు, 'త్రెం' ముందున్న 'పు' లఘువు. ఇందులో ఒక్క ముక్క కూడా కుడి పేజీలో లేదు. ఎల్‌సీఎల్ 64లో అక్కడ ఉండేది వచన తాత్పర్యం.

ఆ నష్టం ఎంతో తెలుసుకోవాలంటే లాటిన్ వచ్చేదాకా ఆగక్కర్లేదు. ఇదే హార్వర్డ్ ప్రెస్ 2015లో మూర్తి క్లాసికల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా పేరుతో ఇలాంటి వరుసే మొదలుపెట్టింది. తొలి విడతలోనే పెద్దన మనుచరిత్ర వచ్చింది, వెల్చేరు నారాయణరావు, డేవిడ్ షుల్మన్‌ల అనువాదం. 2022లో నంది తిమ్మన పారిజాతాపహరణం వచ్చింది. ఎడమ పేజీలో తెలుగు లిపి, కుడి పేజీలో ఇంగ్లీష్. 'అట జని కాంచె' పద్యం ఎడమ పేజీలో గొంతెత్తి చదివి కుడి పేజీకి వెళ్ళండి. అర్థం అంతా ఉంటుంది, సెలయేటి హోరు ఉండదు. అనువాదకుల తప్పు కాదు, అది దాటి వచ్చే సరుకు కాదు.

కొనేటప్పుడు అసలు తిరకాసు ఎడిషన్లది. లోబ్ నంబర్లు రచయితల వారీగా ఇచ్చినవి కావు, చాలావరకు ముద్రణ క్రమంలో వచ్చినవి. అందుకే ప్లూటార్క్ జీవితచరిత్రలు 46, 47, 65, 80, 87, ఆ తర్వాత 98 నుంచి 103 అంటూ చెల్లాచెదురుగా ఉంటాయి. ఇది చిన్న చిరాకే. పెద్దది వేరే ఉంది: పాత అనువాదాన్ని తీసేసి కొత్తది వేసినప్పుడు తరచు అదే నంబరు ఇస్తారు. ఎల్‌సీఎల్ 57 అంటే గ్రీకు కవి హీసియడ్. పాత పుస్తకాల షాపులో దొరికితే అది 1914 నాటి ఎవెలిన్-వైట్ ప్రతి కావచ్చు, 2006 నాటి గ్లెన్ మోస్ట్ ప్రతి కావచ్చు. పాతదాంట్లో హోమర్ పేరు మీదున్న స్తోత్రాలు కూడా ఉండేవి; ఇప్పుడవి 496కు వెళ్ళిపోయాయి. ఎల్‌సీఎల్ 1, అపొలోనియస్, 1912లో సీటన్‌ది, 2008 నుంచి రేస్‌ది. ఆన్‌లైన్‌లో అమ్మేవాళ్ళు పెట్టే సంవత్సరం చాలాసార్లు పునర్ముద్రణది. 1990లలో అచ్చయిన ప్రతి లోపల 1914 నాటి అనువాదమే ఉండొచ్చు. టైటిల్ పేజీ వెనక్కి తిప్పిన ఫోటో పంపమని అడగండి. అక్కడ తొలి ముద్రణ ఏడాది, అనువాదకుడి పేరు ఉంటాయి.

నాటకాలకు ఇది మరీ ముఖ్యం. సొఫొక్లీస్‌కు 1912–13 నాటి స్టోర్ బదులు లాయిడ్-జోన్స్ 1990లలో వచ్చాడు, యూరిపిడీస్‌కు వే బదులు కొవాక్స్, ఎస్కిలస్‌కు స్మైత్ బదులు 2008లో సోమర్‌స్టైన్. ఈ మూడింటిలోనూ కొత్తవే కొనండి. అనువాదం ఒక్కటే కాదు, ఎడమ పేజీలో గ్రీకు పాఠం కూడా మారింది. క్లాసులో ఆక్స్‌ఫర్డ్ టెక్స్ట్ (అనువాదం లేని మూలపాఠం) చదువుతూ ఇంట్లో పాత లోబ్ పెట్టుకుంటే, కుడి పేజీ మీరు చదువుతున్న వాక్యానికి కాకుండా వేరే పాఠానికి అర్థం చెబుతుంటుంది. ఎందుకు కుదరడం లేదో తెలియక గంటలు పోతాయి.

పాతవాటితో ఇంకో తంటా, సెన్సార్. 1919–20లో వచ్చిన మార్షియల్ అనువాదంలో కెర్ బూతు అనుకున్న పద్యాలకు ఇంగ్లీష్ బదులు ఇటాలియన్ అచ్చేయించాడు. గ్రీకు ఆంథాలజీలో పాటన్ అలాంటివాటిని లాటిన్‌లోకి మార్చి ఊరుకున్నాడు. అరిస్టొఫేనీస్ జోకుల్ని రోజర్స్ మర్యాదగా కప్పేశాడు. దాదాపు ఆ రోజుల్లోనే మన దగ్గర బెంగుళూరు నాగరత్నమ్మ పరిష్కరించిన రాధికా సాంత్వనం మీద ప్రభుత్వం నిషేధం పెట్టింది. వాళ్ళది కాస్త నయం, కనీసం ఇటాలియన్ వచ్చినవాడికైనా అందింది. ఇప్పుడు మార్షియల్‌కు షాకిల్టన్ బెయిలీ (1993), అరిస్టొఫేనీస్‌కు హెండర్సన్ ప్రతులు ఏదీ దాచకుండా ఉన్నాయి.

అచ్చు విషయం. కొత్త సంపుటాల టైపు శుభ్రంగా ఉంటుంది. పాత పలకల నుంచి పదేపదే తీసిన కొన్నిటిలో గ్రీకు అక్షరాల నెత్తిన ఉండే చిన్న గుర్తులు అరిగి ఉంటాయి. ఇది నలుసంత లోపంలా కనిపిస్తుంది గానీ, ఆ వంకర ఎటు తిరిగిందన్నదాన్ని బట్టి ఒకే అక్షరాలు 'హొరొస్' అయి సరిహద్దు అవుతాయి, 'ఒరొస్' అయి కొండ అవుతాయి. భూగోళ గ్రంథాలు చదివేటప్పుడు ఈ రెండిటిలో ఏదో తేలకపోతే చిక్కే. బైండింగ్ గట్టిది, ఏళ్ళ తరబడి ఊడదు. ఆ గట్టితనం వల్లే బల్ల మీద తెరిచి పెడితే నిలవదు, పైన ఏదైనా బరువు పెట్టాలి.

డిజిటల్ లోబ్ 2014లో వచ్చింది. వరుస మొత్తాన్ని వెతకొచ్చు, అచ్చు పేజీల జంటే తెరమీద కనిపిస్తుంది. యూనివర్సిటీ లైబ్రరీకి చందా ఉంటే మీ లాగిన్‌తో ఉచితం. సొంతంగా చందా కట్టేముందు అది ఉందో లేదో కనుక్కోండి. మాట మీద నొక్కి వ్యాకరణం తెలుసుకోవాలంటే మాత్రం టఫ్ట్స్ యూనివర్సిటీ పెర్సియస్‌కో, చికాగో యూనివర్సిటీ లోగియన్‌కో వెళ్ళాలి. లోగియన్‌లో పెద్ద గ్రీకు, లాటిన్ నిఘంటువులన్నీ ఒకేచోట, ఉచితంగా ఉన్నాయి, ఫోన్‌లో యాప్ కూడా ఉంది. బ్రౌణ్య నిఘంటువును ఆన్‌లైన్‌లో వెతుక్కునే మనవాళ్ళకు చికాగో కొత్త కాదు, అదీ ఆ యూనివర్సిటీ సైటే.

అమెరికా చట్టం ప్రకారం అచ్చయి 95 ఏళ్ళు నిండిన సంపుటాలు ఎవరైనా స్కాన్ చేసి పెట్టొచ్చు, పెట్టారు కూడా. గాడ్లీ హెరడోటస్ (1920–25), స్మిత్ థూసిడిడీస్, పెర్రిన్ ప్లూటార్క్ ఇలా దొరుకుతాయి. అనువాదం పాతబడ్డా వచనం నమ్మదగ్గదే, ఎడమ పేజీ పాఠం డిగ్రీ స్థాయికి సరిపోతుంది. వీటికి డబ్బు ఖర్చు చేయొద్దు. ఖర్చు చేయదగ్గవి వేరే చోట దొరకని రకం: పూర్తిగా దక్కని గ్రంథాల ముక్కలు కూర్చిన శకలాల సంపుటాలు. లాక్స్, మోస్ట్ కలిసి 2016లో తొమ్మిది సంపుటాలుగా తెచ్చిన తొలి గ్రీకు తత్త్వవేత్తలు, యూరిపిడీస్ నాటక శకలాలు, పాపిరస్ చుట్టల మీద దొరికిన రాతల సెలెక్ట్ పాపిరై మూడు సంపుటాలు. వీటిలో నోట్స్ కూడా మామూలు లోబ్ కంటే చాలా మెరుగు.

లాటిన్, గ్రీకు అక్కర్లేని ఏన్షియంట్ హిస్టరీ కోర్సులు బ్రిటన్‌లో చాలానే ఉన్నాయి. అందులో చేరినవాళ్ళకు లోబ్ ఉపయోగం ఇంకో రకం. అనువాదం చదువుతూ ఒక మాట దగ్గర అనుమానం వస్తే, మార్జిన్‌లో సెక్షన్ నంబరు చూసి ఎడమ పేజీలో అదే నంబరుకు వెళ్ళి, దగ్గరలోని ఊరి పేరునో మనిషి పేరునో ఆనవాలుగా పట్టుకుని ఆ మాటను గుర్తించవచ్చు. దానికి గ్రీకు అక్షరమాల చాలు, రెండు రోజుల పని. ఒప్పిదుమ్ కోటా, పట్టణమా అన్నది అలా తేల్చుకోగలిగినవాడి వ్యాసానికీ, తేల్చుకోలేనివాడి వ్యాసానికీ మార్కుల్లో తేడా కనిపిస్తుంది.

ఉటంకింపు రాసేటప్పుడు లోబ్ పేజీ నంబరు ఎప్పుడూ ఇవ్వకండి. ఎడిషన్ మారితే పేజీ మారిపోతుంది. అధ్యాయం, సెక్షన్ ఇవ్వాలి. ప్లేటోకు స్టెఫానస్ నంబర్లు, అరిస్టాటిల్‌కు బెకర్ నంబర్లు, స్ట్రాబోకు కావలిస్తే కసోబన్ పేజీలు; పాత ప్రామాణిక ముద్రణల పేజీ నంబర్లైన ఇవన్నీ లోబ్ మార్జిన్‌లోనే ఉంటాయి. ప్లినీకి రెండు రకాల నంబర్లున్నాయి: రోమన్ అంకెల్లో పాత పరిచ్ఛేదాలు, మామూలు అంకెల్లో కొత్త సెక్షన్లు. పాత చరిత్ర పుస్తకాల్లో ఆరో అధ్యాయం 22 అని కనిపించేది ఇప్పటి 67 ఉన్న చోటే. రెండూ వేర్వేరు ఆధారాలనుకుని రెండుసార్లు ఉటంకించినవాళ్ళు లేకపోలేదు.

పాఠాంతరాల మీద పరిశోధన చేసేవాళ్ళకు లోబ్ చాలదు. పేజీ అడుగున రెండు మూడు పాఠభేదాలు ఇచ్చి ఊరుకుంటుంది. దానికి ఆక్స్‌ఫర్డ్ క్లాసికల్ టెక్స్ట్స్, లేకపోతే జర్మన్ టాయ్బ్నర్ చూడాలి. రెండింటిలోనూ అనువాదం ఉండదు. ఫ్రెంచ్ వచ్చినవాళ్ళకు బ్యూదే వరుస ఉంది, అందులో పాఠభేదాలూ అనువాదమూ రెండూ ఉంటాయి. టీకా కావాలంటే కేంబ్రిడ్జ్‌వాళ్ళ ఆకుపచ్చ-పసుపు అట్టల వ్యాఖ్యానాలు. క్లాసులో పెట్టే పాఠ్యగ్రంథానికి ఇది ఒకటి కొనుక్కుంటే లోబ్ అవసరం సగం తగ్గిపోతుంది.

దక్కన్ ప్రాచీన చరిత్ర కోసమే లోబ్ కొనాలనుకునేవాళ్ళకు నాలుగు చాలు: ప్లినీ 352, స్ట్రాబో పదిహేనో అధ్యాయమున్న 241, ఆరియన్ ఇండికా ఉన్న 269 (బ్రంట్ ప్రతి మాత్రమే, పాత రాబ్సన్ వద్దు), హెరడోటస్ 118. వీటిలో స్ట్రాబో 1930 నాటిది, హెరడోటస్ అంతకంటే పాతది, స్కాన్లతో సరిపెట్టుకోవచ్చు. ఆంధ్ర తీరంలోని మసాలియాలో నేసే సన్నబట్టల గురించి చెప్పే గ్రీకు నౌకాయాన గ్రంథం పెరిప్లస్ లోబ్‌లో లేదు. అదే ప్రాంతానికి మైసోలియా అనే పేరు, మైసోలోస్ నది పేరు ఉన్న టోలమీ భూగోళమూ లేదు. టోలమీ పేరుతో లోబ్‌లో కనిపించేది జ్యోతిష గ్రంథం, పొరపాటున ఆర్డర్ చేయకండి. పెరిప్లస్‌కు 1989లో ప్రిన్స్‌టన్ వేసిన లయనెల్ కాసన్ ప్రతి తెప్పించుకోండి. అందులో గ్రీకూ ఇంగ్లీషూ ఎదురెదురుగా ఉండటమే కాక, లోబ్‌లో లేని టీకా కూడా వెనకాల దండిగా ఉంది.